హీలియం తూకంలో తరుగు: కేసు ఎందుకు పెట్టరు?

బంగారం కొట్టువాడు తరుగు వేస్తే నిలదీస్తాం. మిల్లువాడు ధాన్యం బస్తాకు తరుగు కోస్తే రోడ్డెక్కుతాం. విశ్వం పుట్టిన తొలి నిమిషాల నుంచీ బరువు కోస్తున్న హీలియం కేంద్రకం మీద మాత్రం తూనికలు, కొలతల శాఖ ఇంతవరకూ ఒక్క నోటీసూ ఇవ్వలేదు.

లెక్క చూడండి. హీలియం కేంద్రకంలో సరుకు రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. పరమాణు ద్రవ్యరాశి యూనిట్లలో ప్రోటాన్ 1.007276, న్యూట్రాన్ 1.008665. చెరి రెండూ వేస్తే 4.031882. సరుకు తయారయ్యాక తూస్తే 4.001506! పది గ్రాముల తులానికి 75 మిల్లీగ్రాములు హుష్‌కాకి. పాఠ్యపుస్తకాలేమో 'ద్రవ్యరాశి లోపం' అని దర్జాగా అచ్చేస్తున్నాయి. లోపమని ఒప్పుకున్నాక ఇంకా విచారణ ఏమిటి?

పోయిన బరువును శక్తిగా మార్చి, యూనిట్‌కు 931.5 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తికి కొలత) చొప్పున 28.3 ఎంఈవీ బయటికి చెల్లించేశామని నిందితుల వాదన. రసీదేదీ? చిన్న కేసులో అదీ దొరికింది. ప్రోటాన్ ఒక నెమ్మది న్యూట్రాన్‌ను పట్టి డ్యూటెరాన్ అయితే తరుగు 0.002388, అక్కడికక్కడే 2.22 ఎంఈవీ గామా కిరణం వెలువడుతుంది. పైసాతో సహా సరి. విడదీయాలంటే కనీసం అంతా తిరిగి కట్టాలి. 1934లో భౌతిక శాస్త్రవేత్తలు చాడ్విక్, గోల్డ్‌హేబర్ 2.62 ఎంఈవీ గామాతో కొట్టి విడదీశారు, మిగిలిన 0.4 ముక్కలకు వేగంగా, అంటే చిల్లరగా, దక్కింది.

మోసమంటూ ఉంటే అది 'బంధన శక్తి' అన్న పేరులోనే ఉంది. కేంద్రకం మూటగట్టి దాచుకున్న సొమ్మని జనం నమ్ముతున్నారు. ఆ సొమ్ము పుట్టిననాడే చేతులు దాటింది. ఇప్పుడున్నది తాకట్టు విడిపించుకోవడానికి కట్టాల్సిన బాకీ.

ఫిర్యాదుదారులూ తక్కువవారు కారు. కొందరి అర్జీలో 28.3కి బదులు 27.3 ఉంది. పట్టికలోంచి హీలియం పరమాణువు బరువు 4.002602 తీసుకుని, దానికి ఎదురుగా ఉత్త ప్రోటాన్లను తూచారు. డబ్బాతో తూచి డబ్బా బరువు తీయలేదన్నమాట: రెండు ఎలక్ట్రాన్లు, 1.02 ఎంఈవీ. పరమాణువు బరువు వాడితే ప్రోటాన్‌కు బదులు హైడ్రోజన్ పరమాణువు 1.007825 వేయాలి. ఇనుము-56 (కేంద్రకంలో 56 కణాలు, చుట్టూ 26 ఎలక్ట్రాన్లు) దగ్గర ఇదే పొరపాటు 13 ఎంఈవీ మింగుతుంది. ఇక రెండు దశాంశాలకు కుదించిన మహానుభావులకు హీలియంలో 37 వచ్చింది. వారి అర్జీ తిరస్కరించాం.

కణానికి బంధన శక్తిలో ఇనుము-56కి ఫస్ట్ ర్యాంకు అని కట్టిన ఫ్లెక్సీలూ దించాలి. కణానికి 8.790 ఎంఈవీతో అది మూడోది. నికెల్-62ది 8.795, మధ్యలో ఇనుము-58. నికెల్ తరఫువాళ్లు ఫొటో పంపలేదట.