ఒట్టావా రైలుకు కర్నూలు వైద్యం

కెనడా రాజధాని ఒట్టావా వాళ్ల అవస్థ చూడలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. రాస్తున్నది కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో, సి.క్యాంపు పోయే షేర్ ఆటోలో కూర్చుని. "ఇంకొక్కరు వస్తే పోదాం సార్" అన్నాడు డ్రైవరు. కాబట్టి తీరిగ్గానే రాస్తున్నాను.

వాళ్లు 2019 సెప్టెంబరు 14న లైట్ రైలు మొదలుపెట్టారు. 12.5 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, ఖర్చు 210 కోట్ల డాలర్లు. మూడు వారాలు పాత బస్సులను కూడా నడిపి, రైలు వచ్చిందిగా ఇవెందుకని చాలా రూట్లు ఎత్తేశారు. అప్పుడు మొదలైంది అసలు కథ. మూసుకుంటున్న తలుపును ఎవరైనా చేత్తో ఆపితే తలుపు మొరాయించేది. దాంతో బండి నిలిచిపోయేది, దాని వెనక బండ్లన్నీ వరసగా నిలిచిపోయేవి. పట్టాల మీద సందులోంచి దూరి పోయే వీలు లేదాయె. చలికాలంలో చక్రాలు అరిగి గుండ్రదనం పోయింది. 2021 ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి బండి పట్టాలు తప్పింది. రెండోసారి కారణం ఏమిటో తెలుసా? మొదటిసారి తర్వాత చేసిన రిపేర్లలో బోల్టులు సరిగ్గా బిగించలేదట! దాంతో దాదాపు రెండు నెలలు రైలే లేదు.

వైద్యం చాలా సులువు. ముందు తలుపులు పీకేయాలి. మా ఆటోకు కుడివైపు ఒక ఇనుప రాడ్డు, ఎడమవైపు దేవుడు. లేని తలుపు ఇరుక్కోవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

తర్వాత టైంటేబుల్. రోగానికి మూలం అదే. ఫలానా టైముకు వస్తామని రాసిపెడితే కదా ఆలస్యమయ్యేది! మా ఆటో నిండినప్పుడు కదులుతుంది. నిండడం అంటే ఎంతో కూడా ఎక్కడా రాసి ఉండదు. ముగ్గురి సీట్లో ఐదుగురం సర్దుకున్నాక కూడా "అక్కా, కొంచెం జరుగు" అనే మాట వినిపిస్తుంది. చూస్తే జరగడానికి చోటు ఉండనే ఉంటుంది. ఈ లెక్కన మా సర్వీసు నూటికి నూరు శాతం సమయపాలన పాటిస్తోంది.

అయితే ఒట్టావా వాళ్లను మరీ తీసిపారేయడానికి లేదు. రైలును జనానికి అప్పగించే ముందు ట్రయల్ రన్లో, తిరగాల్సిన కిలోమీటర్లలో 98 శాతం తిరగాలనుకున్నారు. అది కుదిరేలా లేదని, 12 రోజుల్లో 9 రోజులు 96 వస్తే చాలన్నారు. 2022లో విచారణ కమిషన్ దీన్ని తప్పుపట్టింది. నాకైతే ముచ్చటేసింది. పిల్లవాడు తప్పేలా ఉంటే పాస్ మార్కులు తగ్గించే విద్య అంత దూరం ఎలా పాకిందో!

రాజధాని వాళ్లు మా మాట వింటారా అంటారేమో. మేమూ రాజధాని వాళ్లమే. 1953 అక్టోబరు 1న ఆ బండి మా ఊళ్లో ఆగింది, 1956 నవంబరు 1న హైదరాబాదుకు కదిలిపోయింది. మూడేళ్ల హాల్టు. మళ్లీ 2020లో న్యాయ రాజధాని అనే బండి వస్తోందని చట్టంతో సహా అనౌన్స్‌మెంట్ వినిపించింది. 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ప్లాట్‌ఫారం మీద నిలబడే విషయంలో మాకు ఇంకొకరు పాఠం చెప్పనక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆటో చెడిపోతే డ్రైవరు వెనకొచ్చే ఆటోను చెయ్యెత్తి ఆపుతాడు. మమ్మల్ని అందులోకి మారుస్తాడు. ఛార్జీ ఎవరికెంతో వాళ్లిద్దరూ కళ్లతోనే తేల్చుకుంటారు. అంతా అర నిమిషం. ఒట్టావాలో బస్సులను అలా పక్కన ఉంచుకుని ఉంటే సగం తిట్లు తప్పేవి. ఇది ఎగతాళి కాదు, నిజంగానే అంటున్నాను. బోల్టుల విషయంలో నోరు మూసుకుంటాను. మా ఆటో వెనక చక్రం దగ్గర ఏదో ఒకదానికి గుడ్డ చుట్టి ఉంది, ఎందుకని అడగలేదు.

ఆ ఇంకొక్కరూ వచ్చారు, సంచీతో సహా. ఇంతసేపటికి ఓపిక చచ్చిన ఇద్దరు దిగి ముందరి ఆటో ఎక్కారు.

"ఇద్దరే సార్, ఇద్దరు వస్తే పోదాం" అంటున్నాడు డ్రైవరు.