వాయిదా పడ్డ రిపేర్ల లెక్క ఎవరి దగ్గరుంది?

2025 జూన్ 30 నాటి పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు 40 మందికి పైగా ప్రాణాలను పొట్టనపెట్టుకుంది. కారణాలు తేల్చాల్సింది దర్యాప్తు, ఆ జోలికి నేను పోను. నన్ను తొలిచేది మరొకటి. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, నాచారం... ఈ పారిశ్రామికవాడల్లో ఓ మోస్తరు ఫ్యాక్టరీకి వెళ్లి యంత్రాలు ఎలా ఉన్నాయని అడగండి. మెయింటెనెన్స్ మేనేజర్ తన కంప్యూటర్ ఇటు తిప్పి డ్యాష్‌బోర్డు చూపిస్తారు. గళ్లన్నీ పచ్చగా ఉంటాయి. పోయిన నెలా అంతే, అంతకు ముందు నెలా అంతే. షాప్ ఫ్లోర్‌లోకి దిగి ఫిట్టర్‌ను అడిగితే మాత్రం ‘ఏదో నడిపిస్తున్నం సార్’ అంటాడు. నేనైతే ఫిట్టర్ మాటే నమ్ముతాను.

సూచికలు లేక ఈ గతి పట్టలేదు. యూరప్ వాళ్లు 2007లోనే ఈఎన్ 15341 అనే ప్రమాణంలో మెయింటెనెన్స్ పనితీరుకు ఏకంగా 71 సూచికలు రాసిపెట్టారు. రెండు బ్రేక్‌డౌన్‌ల మధ్య యంత్రం సగటున ఎంతకాలం నడిచిందో చెప్పే ఎంటీబీఎఫ్, రిపేరుకు సగటున ఎంతసేపు పట్టిందో చెప్పే ఎంటీటీఆర్ మన ఇంజనీర్లకు కంఠతా వచ్చు. చిక్కల్లా వాటిని ఇక్కడ తయారుచేసే వరుసలో ఉంది. ముందు హెడ్డాఫీసు నుంచి టార్గెట్ దిగుతుంది. దానికి ఇంక్రిమెంటు ముడిపడుతుంది. ఆ తర్వాత టార్గెట్‌కు సరిపడా లెక్క పుడుతుంది.

‘ప్రివెంటివ్ మెయింటెనెన్స్ 98 శాతం పూర్తి’ అనే గడినే తీసుకోండి. అంటే యంత్రం చెడిపోకముందే చేయాల్సిన పని. షెడ్యూలు ప్రకారం పంపు ఆపాలి, కప్లింగ్ గార్డు విప్పాలి, అలైన్‌మెంట్ చూడాలి, గ్రీజు పెట్టాలి, ఫౌండేషన్ బోల్టులు బిగించాలి. ప్రొడక్షన్ వాళ్లు డిస్పాచ్ ఉందంటూ పంపు ఆపనివ్వరు. నెలాఖరు నైట్ షిఫ్టులో చెక్‌లిస్టు మాత్రం నిండుతుంది. ఒకే పెన్ను, ఒకే వాలు, వరసగా టిక్కులు, కింద సంతకం. గ్రీజు ఎక్కించే మూతి, అదే నిపుల్ మీద దుమ్ము ఎక్కడిదక్కడే. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఫైలు చూస్తారు గానీ నిపుల్ ఎవరు చూస్తారు?

ఎంటీటీఆర్ కథ ఇంకా ముచ్చటైనది. రిపేరు గడియారం తిరగడం మొదలయ్యేది వర్క్ ఆర్డర్ ఎక్కించాకే. అందుకని పని సగమయ్యాక ఎక్కిస్తారు. బేరింగ్ పోతే కొత్తది వేసి యంత్రం నడిపించేస్తారు. అసలెందుకు పోయింది, షాఫ్ట్ వంగిందా అని చూస్తూ కూర్చుంటే ఇంకో నాలుగు గంటలు, రిపోర్టులో ఎరుపు. కొన్ని వారాలకు అదే బేరింగ్ మళ్లీ పోతుంది. ఈసారి అది ‘మైనర్ స్టాపేజ్’ ఖాతాలో పడుతుంది, బ్రేక్‌డౌన్ లెక్కలోకి రాదు, ఎంటీబీఎఫ్ చెక్కుచెదరదు. ఇక యంత్రాన్ని మొత్తమ్మీద ఎంత బాగా వాడుతున్నామో చెప్పే ఓఈఈ ఉంది. లభ్యత 90, వేగం 95, నాణ్యత 99.9 శాతాల్ని గుణిస్తే వచ్చే 85 చిల్లరను ప్రపంచస్థాయి అంటారు. ఒకే సరుకు తయారుచేసే లైనుకు అది సరే. రసాయనాలు కలిపే రియాక్టర్ కడగడానికే గంటలు పట్టే బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్ మీద అదే అంకె రుద్దితే ముందు కోతపడేది మెయింటెనెన్స్ టైమ్‌కే.

ఇవన్నీ చిల్లర మోసాలే అనుకునేవాళ్లు 2020 మే 7 నాటి విశాఖ స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకేజీని గుర్తు తెచ్చుకోవాలి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ బయటపెట్టిన వాటిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఉష్ణోగ్రత కొలిచిన చోటు. ట్యాంకులో కొలత అడుగున మాత్రమే ఉంది. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడెక్కుతుంది, వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది. పైన ఉడుకుతుంటే కింద మీటరు చల్లగానే ఉందని చూపిస్తుంది. ఆ మీటరు అబద్ధం చెప్పలేదు, దాన్ని పెట్టిన చోటే తప్పు. అమెరికాలో 2005 మార్చి 23న టెక్సాస్ సిటీలోని బీపీ రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు. కార్మికులకు తగిలే గాయాల రేటు తగ్గుతోంది కదా, ప్లాంటు భద్రంగా ఉన్నట్టేనని కంపెనీ పొరబడిందని ఆ ప్రమాదం తర్వాత వేసిన బేకర్ ప్యానెల్ 2007లో తేల్చింది. జారిపడి కాలు విరిగిన లెక్కలతో రిఫైనరీ పేలుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

కొలవకుండా బాగుచేయడం ఎలా అని మేనేజర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎంటీబీఎఫ్ పడిపోతోందని ముందే గమనించి పంపు మార్చి గండం తప్పించుకున్న ఇంజనీర్లు ఉంటారు. ఒకప్పుడు మేస్త్రీ చెవి తప్ప ఇంకో కొలత లేని ఫ్యాక్టరీలూ ఉండేవి, ఆ రోజులు తిరిగి రావాలని నేననను. కాకపోతే జీతాలతో ముడిపెట్టిన కొలతను మందలింపుల మధ్య నిజాయితీగా నింపమంటే ఎవరు నింపుతారు?

నా మాట ఒక్కటే. చేసిన పని లెక్క పక్కన పెట్టి, చేయని పని లెక్క పెట్టండి. ప్రాణాల మీదికి తెచ్చే పరికరాల పనులు ఎన్ని గడువు దాటాయి? వాటిలో అన్నిటికన్నా పాతది ఎన్నాళ్లుగా పెండింగ్? ప్రమాదం ముంచుకొస్తే యంత్రాన్ని ఆపేసే ఏ ఇంటర్‌లాక్‌కు జంపర్ వేసి, అంటే అది పనిచేయకుండా చేసి, నడుపుతున్నారు, ఎన్ని గంటలుగా, ఎవరి అనుమతితో? నెల తిరక్కుండా అదే లోపం మళ్లీ వచ్చిన యంత్రాలేవి? ఇండెంట్ పెట్టినా స్టోర్స్‌కు రాని స్పేర్లేవి? ఇవి అడిగితే మొదటి నెల రిపోర్టు సిగ్గుపడేలా ఉంటుంది. ఉండాలి కూడా. అంకె చెడ్డగా వచ్చినందుకు ఎవరి ఇంక్రిమెంటూ పోకూడదు, దాచినందుకు పోవాలి.

ఫ్యాక్టరీలనే తిట్టి ఊరుకుంటే అన్యాయం. ఈ పచ్చగళ్ల జబ్బు సెక్రటేరియట్‌కూ ఉంది. 2014లో టీఎస్ ఐపాస్ చట్టం తెచ్చి మెగా ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులన్నారు. 2016లో ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్‌లో ఆంధ్రప్రదేశ్‌తో కలిసి మొదటి ర్యాంకు కొట్టాం, పండగ చేసుకున్నాం. గేటు తెరవడానికి పట్టే రోజులు లెక్కపెట్టిన ప్రభుత్వాలు, తెరిచిన గేటు లోపల ఏం అరిగిపోతోందో ఆ శ్రద్ధతో లెక్కపెట్టాయా? క్రేన్లను, చైన్ బ్లాకులను 12 నెలలకోసారి క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది. చట్టం పేరు ఏదైతేనేం, పరీక్ష గడువు దాటిన పరికరాలు ఏ ఫ్యాక్టరీలో ఎన్ని ఉన్నాయో పక్క కాలనీలో ఇల్లు కట్టుకున్నవాడికి తెలిసే దారి ఉండాలి. టిఫిన్ బాక్సుతో రోజూ ఆ గేటులోకి వెళ్లే ఒడిశా, బిహార్ కార్మికుడికి అంతకన్నా ముందు తెలియాలి.

గడువు దాటిన పనుల జాబితాను మూడు నెలలకోసారి ఫ్యాక్టరీల శాఖ తెప్పించుకుని వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒక్క పేజీ చాలు. దాని మీద ప్లాంట్ హెడ్ సంతకంతో పాటు ఆ యంత్రం మీద పనిచేసే ఫిట్టర్ సంతకమూ ఉండాలి, అతను కాంట్రాక్టు మనిషైనా సరే. మేనేజర్ ఒక్కడి సంతకంతో వచ్చిన కాగితాన్ని వెనక్కి పంపాలి.