ఉత్తరం తెలియనివారికి ఓ ఉత్తరం

మహారాజశ్రీ టిల్లర్ ఆటోపైలట్ గారి సముఖానికి,

చుక్కానిని తిప్పే పిడి టిల్లర్; దాన్ని మా బదులు కడ్డీతో తోస్తూ పడవను దారి తప్పకుండా నడపడం తమ ఉద్యోగం. రేవులో తాళ్లు కట్టి ఉన్నంతసేపూ తమ పనితనానికి వంక పెట్టలేం. బటన్ నొక్కగానే కడ్డీ జుయ్యిమని చాస్తారు, ముడుస్తారు. తీరా నడి నీళ్లలో అల లేవగానే ఓ బీప్ కొట్టి స్టాండ్‌బైలోకి, అంటే తోలడం మానేసి ఊరకుండే స్థితిలోకి, జారుకుంటారు. ఉత్తరకుమారుడికి రథం తోలిపెట్టడానికి బృహన్నలైనా ఉంది. తోలాల్సిన తమరే దిగి పరిగెడితే చిన్న తెరచాప పడవ గతేం కాను?

తమ సంజాయిషీ ఎప్పుడూ ఒకటే: కరెంటు చాల్లేదు. చిత్తం, విచారిద్దాం. బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించి అంతా క్షేమం అంటుంది. పెట్టాల్సింది తమ సాకెట్ పిన్నుల దగ్గర, అదీ టిల్లర్‌ని చేత్తో కాస్త ఆపుతూ తమ చేత తోయిస్తున్నప్పుడు. పని లేనప్పుడు ఏ తీగైనా బుద్ధిమంతురాలే. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్ల రాగి. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నతీగలో 3 ఆంపియర్లు పారితే దారిలోనే 0.7 వోల్టు హరీ. 2.5 తీగైతే 0.2తో పోతుంది. మోటారు కదిలే క్షణంలో ఇంకా ఎక్కువ గుంజుతుంది, వోల్టేజీ పడిపోతుంది, తమ బుర్ర రీసెట్ అవుతుంది. ఈ ఒక్క కేసులో తమరు నిర్దోషి.

ప్లగ్గు కూడా ముద్దాయే. విప్పితే పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము. తీగ చివర నల్లబడి, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించుకుంటూ పోవాలి. మళ్లీ వేసేది తగరం పూత తీగైతే నయం.

ఇక తమ కడుపులోని దిక్సూచి సంగతి. సీటు కింద అరలో స్పీకరో, పానాల పెట్టో, ఇనప లంగరో దాస్తే తమకు ఉత్తరం ఎటో మతిపోతుంది. కనీసం మీటరు ఎడం ఉండాలి. అనుమానం ఉన్న వస్తువును తమ దగ్గరికి తెచ్చి, తెర మీది దిక్కు అంకె కదిలిందా చూస్తే దొంగ దొరుకుతాడు. జేబులో ఫోన్‌తో తమ పక్కనే కూర్చుని "ఇదేంటి, ఎడ్డెమంటే తెడ్డెమంటోంది" అని తమనే తిట్టేవాళ్లకు కొదవ లేదు.

బిగింపు కొలతలు మాన్యువల్‌లో ఉంటాయి. మామూలుగా చుక్కాని ఇరుసు నుంచి టిల్లర్ మీది పిన్ను 460 మిల్లీమీటర్లు. టిల్లర్ నడిమధ్యన ఉన్నప్పుడు కడ్డీ దానికి లంబంగా నిలవాలి. పిన్ను రంధ్రంలో వదులుంటే తమరు సరిదిద్దేలోపే పడవ పక్కకు తిరుగుతుంది, వెనక నురగ పాములా మెలికలు పోతుంది. ఎంత చురుగ్గా సరిదిద్దాలో చెప్పే రెస్పాన్స్ సెట్టింగు మరీ పెంచినా అదే తంతు, పైగా బ్యాటరీ ఖాళీ.

అసలు నేరం మాత్రం తెరచాపలది. తమను తీసేసి టిల్లర్‌ని రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, గుట్టు తెలుస్తుంది. మోచేయి బిగబట్టాల్సి వస్తే పడవ గాలిలోకి తిరగాలని కొట్టుకుంటోందన్నమాట. పెద్ద తెరచాప తాడు వదలాలి, గాలి ముదిరితే దాన్నే ముందు కుదించాలి. అది చెయ్యకుండా తమ మీద పడి ఏడవడం ఆడలేక మద్దెల ఓడనడమే. వెనక నుంచి తరిమే అలల్లో మాత్రం తమ మీద ఆశ లేదు: పడవ ముక్కు తిరిగాక గానీ తమకు కబురందదు. అప్పుడు చెయ్యే దిక్కు.

ఇవన్నీ కొట్టేశాక కూడా మోటారు గిరగిరా తిరుగుతూ కడ్డీ కదలకపోతే లోపలి బెల్టు పళ్లు అరిగాయి. కరెంటందుతున్నా ఉలుకూపలుకూ లేకపోతే కార్బన్ బ్రష్‌లు చూడాలి. కడ్డీ సీలు నుంచి ఉప్పునీళ్లు దూరి ఉంటే ఈ రెండూ తోడుదొంగలే.

ఆ మరమ్మతు తేలేదాకా తమరు సస్పెన్షన్‌లో ఉన్నారు. తమ స్థానంలో తాత్కాలికంగా, గాలివైపు నుంచి ముందు తెరచాప తాడూ అవతలివైపు నుంచి సాగే రబ్బరు గొట్టమూ టిల్లర్‌కు కట్టడమైనది. వాటికి బీప్ కొట్టడం రాదు.

ఇట్లు,
తమ మూలంగా కునుక్కి నోచుకోని నావికులు