వైరస్ గుట్టు పొరలు కలిసే చోటే ఉంది

వైరస్ మన కణంలోకి ఎలా ప్రవేశిస్తుందని అడిగితే చాలామంది తాళం, తాళంచెవి పోలికతోనే జవాబు చెబుతారు. కోవిడ్ కాలంలో ఆ పోలిక ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, వైరస్ మీది స్పైక్ ప్రోటీన్ వెళ్లి కణం మీది ఏసీఈ2 గ్రాహకాన్ని పట్టుకోగానే వైరస్ పని పూర్తయిపోతుందన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. కానీ గ్రాహకాన్ని పట్టుకున్న వైరస్ ఇంకా గడప బయటే ఉంటుంది. ఫ్లూ, హెచ్ఐవీ, ఎబోలా, డెంగీ, రేబిస్, కరోనా వంటి వైరస్‌లకు కొవ్వు పొర కప్పి ఉంటుంది. ఆ పొర కణపొరతో కలిసి ఒకటైతేనే లోపలి జన్యుపదార్థం కణంలోకి జారుతుంది. టీకాల రూపకల్పనలో ఈ దశ విలువను మనం చాలా ఆలస్యంగా గుర్తించామని, మందుల విషయంలో ఇప్పటికీ తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

రెండు పొరలు కలవడం చెప్పినంత తేలిక కాదు. నాలుగైదు నానోమీటర్ల మందం ఉండే ఈ పొరల పైభాగం నీటి అణువులను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, మరో పొర దగ్గరికి వస్తే ఆ నీరే అడ్డుగోడ అవుతుంది. దాన్ని తొలగించడానికి చాలా శక్తి కావాలి. వైరస్‌కు సొంతంగా శక్తిని తయారుచేసుకునే యంత్రాంగమేదీ లేదు. అందుకే తన ప్రోటీన్ ఆకృతిలోనే ఆ శక్తిని ముందుగా దాచుకుని వస్తుంది.

ఈ ఏర్పాటును అత్యంత స్పష్టంగా చూపించింది ఫ్లూ వైరస్‌లోని హీమగ్లుటినిన్. దీని నిర్మాణాన్ని విల్సన్, స్కెహెల్, వైలీ 1981లో వెల్లడించారు. మన శరీరంలోని ఎంజైమ్ ఒకటి ఈ ప్రోటీన్‌ను ఒకచోట కత్తిరిస్తుంది. ఆ కోత పడ్డాక అది ఎక్కుపెట్టిన విల్లులా ఉంటుంది. (కోళ్లను మూకుమ్మడిగా చంపే బర్డ్‌ఫ్లూ రకాల్లో ఈ కోత చోటు, దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైమ్‌కు లొంగేలా మారి ఉంటుంది. ఆ వైరస్ ఒళ్లంతా పాకడానికి అదొక ముఖ్య కారణం.) కణం వైరస్‌ను ఎండోసోమ్ అనే తిత్తిలోకి తీసుకున్నాక అక్కడ ఆమ్లత్వం పెరిగి, పీహెచ్ 5 దరిదాపులకు పడిపోతుంది. అప్పుడు హీమగ్లుటినిన్ తలభాగాలు విడిపోతాయి, మెలికగా ఉన్న ముక్క ఒకటి నిటారు కడ్డీగా మారుతుంది, లోపల దాగి ఉన్న ఇరవై పైచిలుకు అమైనో ఆమ్లాల కొస సుమారు 10 నానోమీటర్ల దూరం కదిలి కణపొరలో గుచ్చుకుంటుంది. ఆపైన ప్రోటీన్ మధ్యకు మడతపడి రెండు పొరలనూ దగ్గరికి లాగుతుంది. ముందు బయటి కొవ్వు వరుసలు కలుస్తాయి, తర్వాత లోపలివి కలిసి రంధ్రం ఏర్పడుతుంది. ఇది స్ప్రింగులా పనిచేస్తుందని 1993లో కార్, కిమ్ ప్రతిపాదించగా, మరుసటి ఏడాది వెలువడిన నిర్మాణం దాన్ని బలపరిచింది. ఒకసారి విడిచిన హీమగ్లుటినిన్ మళ్లీ ఎక్కుపెట్టిన స్థితికి రాదు. తొందరపడి విడిస్తే అది వృథా.

ఈ దశను పట్టించుకోకపోతే ఏం జరుగుతుందో, కోవిడ్ తొలినాళ్లలో ఆశలు రేపిన మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఉదంతం చెబుతుంది. ఎండోసోమ్‌లోని ఆమ్లత్వాన్ని తగ్గించే ఈ తరహా మందులు ప్రయోగశాలల్లో వాడే కోతి మూత్రపిండ కణాల్లో కరోనాను అడ్డుకున్నాయి. కానీ ఊపిరితిత్తుల కణాల్లో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ స్పైక్‌ను కణం ఉపరితలం వద్దే కత్తిరించి కలయికకు సిద్ధం చేస్తుంది, ఆమ్లంతో పని పడదు. అలాంటి కణాలపై మందు పారలేదని 2020లోనే తేలింది. వైరస్ ఏ దారిన లోపలికి వస్తోందని ముందే అడిగి ఉంటే అంత ఆశ, అంత గందరగోళం ఉండేవి కావు.

ఇంతకంటే బాధాకరమైన పాఠం ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్‌ది. 1960లలో ఫార్మలిన్‌తో నిర్వీర్యం చేసిన టీకాను అమెరికాలో పసిపిల్లలపై పరీక్షించగా, ఆ తర్వాత వైరస్ సోకినప్పుడు జబ్బు ముదిరి ఇద్దరు చనిపోయారు. అందుకు కారణాలు ఒకటికంటే ఎక్కువే ఉన్నా, ఆ టీకాలోని, పొరల కలయికను నడిపే ఎఫ్ ప్రోటీన్ చాలావరకు విడిచిపోయిన రూపంలో ఉండటం, దానిపై పుట్టిన యాంటీబాడీలు వైరస్‌ను సరిగా నిలువరించలేకపోవడం అందులో ముఖ్యమైనవి. కలయికకు ముందుండే రూపాన్ని 2013లో మెక్‌లెలన్, గ్రాహమ్, క్వాంగ్ బృందం పట్టుకుంది. ఆ రూపాన్ని కదలకుండా బిగించి తయారుచేసిన టీకాలకు 2023లో అనుమతి లభించింది. అర్ధ శతాబ్దానికి పైగా సాగిన నిరీక్షణ ఒక ప్రోటీన్‌ను సరైన భంగిమలో నిలపడంతో ముగిసింది.

కోవిడ్ టీకాలు అంత త్వరగా రావడం వెనుకా ఇదే జ్ఞానం ఉంది. స్పైక్‌లో 986, 987 స్థానాల్లోని అమైనో ఆమ్లాల బదులు వంగని స్వభావం గల ప్రోలీన్‌ను పెడితే స్ప్రింగు బిగుసుకుపోతుంది. ఈ చిట్కాను కరోనా కుటుంబానికే చెందిన మెర్స్ వైరస్‌పై చేసిన పని 2017లోనే చూపించింది. ఫైజర్, మోడెర్నా టీకాలు దీన్నే వాడుకున్నాయి. మహమ్మారి రాకముందు పెద్దగా ఎవరి దృష్టికీ రాని మౌలిక పరిశోధన ఇది.

మందుల వైపు చూస్తే మాత్రం నిరాశే. హెచ్ఐవీ ప్రోటీన్ మడతపడకుండా మధ్యలో అడ్డుపడే 36 అమైనో ఆమ్లాల ఎన్‌ఫువిర్టైడ్ అనే మందుకు 2003లో అనుమతి వచ్చింది. రోజుకు రెండుసార్లు ఇంజెక్షన్ తీసుకోవాల్సి రావడం వల్ల అది విస్తృతంగా వాడుకలోకి రాలేదు. మాత్ర రూపంలో మింగగలిగే అలాంటి అణువుల కోసం దీర్ఘకాలిక పెట్టుబడి పెట్టాలి. ప్రోటీన్ తలభాగాన్ని మార్చుకున్నంత సులువుగా వైరస్ ఈ కలయిక భాగాన్ని మార్చుకోలేదు.

అయితే కలయిక భాగాన్ని ఎక్కడ పట్టుకున్నా చాలనుకోవడమూ పొరపాటే. డెంగీ నాలుగు రకాల్లోనూ కణపొరలో గుచ్చుకునే కొస దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ అది వైరస్ మీద జంటలుగా ఉండే ప్రోటీన్ల మధ్య దాగి ఉండటంతో, దానిపై పుట్టే యాంటీబాడీలు తరచూ వైరస్‌ను సరిగా ఆపలేవు, కొన్ని సందర్భాల్లో దాన్ని రక్షణ కణాల్లోకి మోసుకెళ్లి జబ్బును పెంచగలవు కూడా. ఆ జంట కలిసే అంచును, రెండు ప్రోటీన్లనూ ఒకేసారి పట్టుకునే యాంటీబాడీలు మాత్రం నాలుగు రకాలనూ నిలువరించాయి.