వైరస్‌కు కడుపు లేదు

సిరొంచలో మా బంధువుల ఫోన్లన్నీ చుట్టి వచ్చిన వాట్సాప్ సందేశమొకటి ఈ వారం నాకు నాలుగుసార్లు అందింది. నాలుగోసారి పంపింది మా బావమరిది. అందులో ఉన్నది ఇది: వైరస్ కంటికి కనిపించని పురుగు. తిండి దొరక్కపోతే గంటలో చస్తుంది. సబ్బు తగిలితే ఏ వైరస్ అయినా చస్తుంది. ఒంట్లోకి చేరినదాన్ని మూడు రోజుల యాంటీబయాటిక్ చంపుతుంది.

ముందు ఆ పురుగు సంగతి. వైరస్‌లో ఒక్క జీవకణం కూడా ఉండదు. డీఎన్‌ఏ గానీ ఆర్‌ఎన్‌ఏ గానీ కొంత జన్యుపదార్థం, చుట్టూ ప్రోటీన్ తొడుగు, కొన్నింటికి ఆపైన కొవ్వు పొర. 1935లో అమెరికా శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా మార్చాడు. వాటిని ఆకులకు రుద్దితే మళ్లీ తెగులు వచ్చింది. ఏ పురుగునైనా అలా పలుకులు కట్టించి చూడండి!

ఇక తిండి. తినని దానికి ఆకలిచావు ఎక్కడిది? కణంలో దూరి, ఆ కణం చేతనే తన నకళ్లు చేయించుకోవడమే దాని పని. పొగాకు వైరస్ ఎండిన ఆకులో ఏళ్లతరబడి నిలుస్తుంది.

సబ్బు మాట సగం నిజం. ఫ్లూ, కరోనా వైరస్‌ల కొవ్వు పొరను సబ్బు చీలుస్తుంది. రోటా, పోలియో వైరస్‌లకు ఆ పొరే లేదు. అక్కడ పనిచేసేది చేతులు రుద్దడం, నీళ్లతో కడిగేయడం.

అసలు ప్రమాదం నాలుగో మాటలో ఉంది. పెన్సిలిన్ బ్యాక్టీరియా కణగోడ కట్టడాన్ని అడ్డుకుంటుంది. టెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ దాని రైబోజోములను, అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగాలను, పట్టుకుంటుంది. వైరస్‌కు గోడా లేదు, రైబోజోములూ లేవు. మరి మందు దేన్ని పట్టుకోవాలి? ఒక ఏడాది మా మిరపచేనుకు జెమినీ వైరస్ సోకింది. తొడుగులు రెండేసి కవలల్లా అతుక్కుని ఉంటాయి కనుక దానికి ఆ పేరు. ఆకులు ముడుచుకుపోతే ఇదే బావమరిది సలహాతో స్ట్రెప్టోసైక్లిన్ కొట్టాం. అది బ్యాక్టీరియా మందు. ఒక్క ఆకూ విచ్చుకోలేదు. చేయవలసిందల్లా తెగులు మొక్కలను తొలి రోజుల్లోనే పీకేసి, వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమను అదుపు చేయడం. (ముడతలన్నీ వైరస్ కావు. తామర పురుగులతో పై ముడత, నల్లితో కింది ముడత వస్తాయి.)

వైరస్‌లకు మందులే లేవని కాదు. హెర్పిస్‌కు ఎసైక్లోవిర్, ఫ్లూకు ఒసెల్టామివిర్ ఉన్నాయి. కానీ ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు. వైరల్ జ్వరం మీద బ్యాక్టీరియా కూడా తోడైతే డాక్టరు యాంటీబయాటిక్ రాయవచ్చు. అది ఆ బ్యాక్టీరియా కోసమే.