అరవై దాటితే హీరోనా, వృద్ధుడా?

ఎల్‌బీ నగర్‌లో రోడ్డు దాటుతున్న 62 ఏళ్ల మనిషిని బైక్ గుద్దితే మర్నాడు ‘వృద్ధుడికి తీవ్ర గాయాలు’ అని వార్త వస్తుంది. 1955లో పుట్టిన చిరంజీవి, 1960లో పుట్టిన బాలకృష్ణ మాత్రం ఆ పక్క పేజీలోనే హీరోలు. వాళ్లను వృద్ధులనమని కాదు నా గొడవ, అంత ధైర్యం నాకు లేదు కూడా. మన వార్తల్లో ముసలితనం వయసును బట్టి కాక హోదాను బట్టి వస్తోంది, అదీ నేననేది. డెబ్బై దాటిన ఎమ్మెల్యే ‘సీనియర్ నేత’, అదే వయసు వాచ్‌మన్ ‘వృద్ధుడు’, ఇక మెడలో గొలుసు ఎవడైనా తెంపుకుపోతే ఆవిడ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన టీచరైనా సరే ‘వృద్ధురాలు’.

2007 నాటి చట్టం ప్రకారం 60 నిండితే సీనియర్ సిటిజన్. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 2021లో 61కి పెంచారు, అంటే సీనియర్ సిటిజన్ అయ్యాక కూడా ఏడాది పాటు ఫైళ్ల మీద సంతకాలు పెడతారు. హైకోర్టు జడ్జీలైతే 62 దాకా, సుప్రీంకోర్టు జడ్జీలు 65 దాకా తీర్పులు చెబుతారు. పింఛనుకో రాయితీకో ఒక గీత ఉండాల్సిందే, కాదనను. వయసు ఎలాగూ అంకెల్లో వేస్తున్నప్పుడు ఆ గీతను ప్రమాద వార్తలోకి లాక్కురావడం దేనికి?

ప్రేమ ఒలకబోసే రకం ఇంకోటుంది. బస్తీలో పక్కింటి పిల్లాడు ‘తాతా’ అంటే ముద్దుగానే ఉంటుంది. బ్యాంకు కౌంటర్లో నలభై ఏళ్ల ఉద్యోగి ‘ఏం తాతా, మళ్ల వచ్చినవ్’ అంటే మాత్రం చిరాకే, వచ్చింది తన డబ్బు తాను తీసుకునే ఖాతాదారు కదా! సభల్లో నాయకులు ‘అవ్వాతాతలు’ అంటున్నప్పుడు కూడా మనకు కనిపించేది పింఛను కోసం చాచిన చెయ్యే.

పేరు మారిస్తే సరిపోతుందా అంటే, వికలాంగులను దివ్యాంగులన్నాం, మన ఫుట్‌పాత్‌లు ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. కాబట్టి కొత్త మాట వెతికే పని లేదు. పేరు, వయసు, చేసే పని రాస్తే చాలు. పైగా మాజీ మంత్రి ‘మృతి చెందారు’, వాచ్‌మన్ ‘మృతి చెందాడు’. పాతికేళ్ల కుర్రాడికీ ‘డు’నే రాస్తారు, నిజమే, కానీ మంత్రి కొడుక్కి రాస్తారా? చోటు చాలదనే సాకు ఇక్కడ చెల్లదు, రెండింట్లోనూ అక్షరాలు అన్నే.