నిజాయితీపరుడికి మనమిచ్చే సలహా

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే చోట ఒకసారి చెవి పెట్టి వినండి. అబ్బాయిది రిజిస్ట్రేషన్ల శాఖో, రవాణా శాఖో అయితే జీతం కన్నా ‘గీతం’ గురించే ఎక్కువ ఆరా తీస్తారు. లంచం అనే మాట ఎవరి నోటా రాదు, ‘మంచి సీటు’ అంటారు. అదే సీట్లో చెయ్యి చాపకుండా పనిచేసేవాడు ఉంటే బతకడం తెలియనివాడని జాలిపడతారు. పై అధికారి బెదిరిస్తే ఎదురు తిరగొచ్చు. ‘పిల్లలు ఎదుగుతున్నారు, కాస్త చూసీ చూడనట్టు పోరాదూ’ అని అన్నం వడ్డిస్తూ అమ్మ అంటే ఏం జవాబు చెబుతాం?

ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు ఎస్.ఆర్. శంకరన్ గుర్తొస్తారు. తంజావూరు ప్రాంతంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసిన ఐఏఎస్ అధికారి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. వెట్టి కింద రాయించుకున్న అప్పును పాలేరు తీర్చనక్కర్లేదని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది. చాలామంది అధికారులకు అది బీరువాలో ఉండే కాగితం. సాంఘిక సంక్షేమ శాఖ చూస్తున్న శంకరన్ మాత్రం ఊళ్లు తిరిగారు. మీరు ఎవరికీ బాకీ లేరు, చట్టం మీ పక్షాన ఉందని పాలేర్లకే చెప్పారు. భూస్వాములకు కోపం వచ్చింది. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డికీ ఆయన పద్ధతి నచ్చలేదు. శంకరన్ తగ్గలేదు, సెలవు పెట్టి వెళ్లిపోయారు.

ఆయన కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఉన్న చట్టాన్ని చదివి అమలు చేశారు. జీతం తీసుకుంటున్న ప్రతి అధికారీ చేయాల్సిన పనే అది. అయినా మనం ఆయన్ని మహానుభావుడు, దేవుడు అంటాం. ఆ పొగడ్తలో మన స్వార్థం ఉందని నా అనుమానం. దేవుడు చేసిన పని మనం చేయలేకపోయినా తప్పు కాదు కదా!

శంకరన్‌ను లొంగదీయడం కష్టం కావడానికి ఒక కారణం ఆయన బతికిన తీరు. పెళ్లి చేసుకోలేదు. సంపాదనలో చాలా భాగం దళిత పిల్లల చదువులకే ఇచ్చేశారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామన్నా వద్దన్నారు. ఏం లాక్కుంటామని అలాంటి మనిషిని బెదిరిస్తారు? కానీ ఇంటి ఈఎంఐ, కార్పొరేట్ కాలేజీ ఫీజులు నెత్తిన ఉన్న గుమస్తాను కూడా అలాగే ఉండమనడం న్యాయం కాదు. అతనికి కావలసింది అండ.

ఆ అండ శంకరన్‌కూ అవసరమైంది. ఇక్కడ ఇమడలేకపోయిన ఆయన్ని త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిచి, తమ రాష్ట్రానికి ప్రధాన కార్యదర్శిని చేసుకున్నారు. ఆ పిలుపే లేకపోతే మన దగ్గర ఆయన పేరు కూడా ‘అనవసరంగా కెరీర్ పాడుచేసుకున్నాడు’ అనే జాబితాలో చేరి ఉండేది.

ఆదుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో సత్యేంద్ర దూబే విషయంలో చూశాం. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో జరుగుతున్న అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి లేఖ రాశాడు. తన పేరు బయటపెట్టవద్దని కోరాడు. ఆ లేఖ ఆయన పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. హంతకులకు తర్వాత జీవిత ఖైదు పడింది. పేరు దాచాల్సిన బాధ్యత ఉన్నవాళ్ల సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు.

అక్రమాలు బయటపెట్టేవారి రక్షణ కోసం పార్లమెంటు 2014లో చట్టం చేసింది. పదేళ్లు దాటినా దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ రాలేదు. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ అది పెద్ద హామీ కాలేదు, ఎందుకంటే ఓటు అడగడానికి వచ్చినవాళ్లను మనం దాని గురించి నిలదీయలేదు. ఇంట్లో నిజాయితీగా ఉన్న ఉద్యోగికి ‘నీకెందుకీ టెన్షన్’ అని సలహా ఇచ్చే తండ్రి, మామ, బావమరిది ఆ ప్రశ్న ఎమ్మెల్యేని, ఎంపీని అడగాలి.